ఉడుతలు తవ్వేయని తులిప్ మడి: మీ ఊరి చలికి తగ్గ పూలదుంపలు ఎంచుకుని, నాటి, కాపాడుకోవడం ఎలా

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మొదటి అక్టోబరులో ఇంటి ముందు యార్డులో 60 తులిప్ దుంపలు నాటాను. శనివారం సాయంత్రం దాకా మోకాళ్ళ మీద కూర్చుని నాటితే, ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గరికి వచ్చేసరికి మడి నిండా గుంతలు, గుంతల పక్కన సగం కొరికి పారేసిన దుంపలు, గాలికి ఎగిరిపోతున్న పొట్టు. ఏప్రిల్‌లో పూసినవి ఏడు. చాలా బాధపడ్డాను, ఎందుకంటే డబ్బు సంగతి అలా ఉంచితే, దుంప నాటడమంటే ఆరు నెలల తర్వాత వచ్చే పువ్వు కోసం ఎదురుచూడటం, ఆ ఎదురుచూపు ఒక్క రాత్రిలో పోయింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ నాటుతున్నాను, ప్రతి ఏడూ పూస్తున్నాయి. నేను మార్చుకున్న పద్ధతి ఇదీ: ఏ దుంప కొనాలో ముందే ఆలోచించి తీసుకుంటాను, కాపలా పని మొత్తం నాటిన రోజే ముగించేస్తాను. నాటేశాక రోజూ చల్లే కారాలు, స్ప్రేల మీద నాకు నమ్మకం లేదు, కారణం కింద చెప్తాను. ఇది ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను, టెక్సస్ వాళ్ళకి లెక్క వేరు కాబట్టి వాళ్ళ సంగతి విడిగా చెప్తాను, హైదరాబాద్‌లో పెంచాలనుకునేవాళ్ళకి కూడా నాలుగు మాటలు ఉన్నాయి.

ముందు, తవ్వుతున్నది ఎవరో చూసుకోండి

మన ఊళ్ళో ఉడుత అంటే వీపు మీద మూడు చారలున్న చిన్న ప్రాణి. ఇక్కడ అలా చారలతో కనిపించేది చాలావరకు చిప్‌మంక్, అది నేలలో బొరియ చేసుకుని ఉంటుంది. ఇక్కడి అసలు ఉడుత బూడిద రంగులో, కుచ్చు తోకతో, మన ఉడుత కంటే చాలా పెద్దగా ఉంటుంది. ఇవి రెండూ కాక వోల్ అని పొట్టి తోక ఎలుక ఒకటుంది. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, ఉడుత పైనుంచి తవ్వుతుంది, చిప్‌మంక్ పైనుంచీ పక్కనుంచీ వస్తుంది, వోల్ మట్టి లోపల దారి చేసుకుని కింద నుంచి తింటుంది, మీకు పైన గుంత కూడా కనపడదు, వసంతంలో మొక్క రాకపోతేనే తెలుస్తుంది. గుంతలు పైన కనిపిస్తే, నాటిన రెండు మూడు రోజుల్లోనే వస్తే, ఉడుతే.

ఉడుత ఎందుకు తవ్వుతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మనం చేసే పనులన్నీ దీని మీదే ఆధారపడతాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇవి ఓక్ కాయలు, వాల్‌నట్లు ఒక్కొక్కటిగా వేరువేరు చోట్ల పాతిపెట్టుకుంటాయి, చలికాలంలో గుర్తుతోనూ వాసనతోనూ వెతుక్కుంటాయి. పక్క ఉడుత పాతినవి దొంగిలిస్తాయి కూడా. అందుకని ఎక్కడ మట్టి కొత్తగా తవ్వి వదులుగా కనిపించినా అక్కడ ఏదో దాచి ఉందనుకుని తవ్వి చూస్తాయి. మీరు డాఫోడిల్ నాటినా తవ్వుతుంది, తర్వాత ముట్టుకోకుండా పక్కన పడేసి పోతుంది. తులిప్ అయితే తింటుంది, క్రోకస్ అయితే ఇంకా ఇష్టంగా తింటుంది. మొదటి పిలుపు మాత్రం వదులు మట్టిదే, ఆ తర్వాత పిలిచేది మనం చుట్టూ వదిలేసిన పొట్టు వాసన.

జోన్ నంబరు చూసుకోవడం, దానిని సరిగ్గా అర్థం చేసుకోవడం

అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని 13 హార్డీనెస్ జోన్లుగా విభజించింది, వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ జిప్ కోడ్ కొడితే మీ జోన్ చెప్తుంది. చలికాలంలో ఒక్కో ఏడు పడే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు అది, ఒక్కో జోన్‌కి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా. 2023 నవంబరులో కొత్త మ్యాప్ వచ్చింది, 1991 నుంచి 2020 దాకా ఉన్న 30 ఏళ్ళ లెక్కలతో తయారైంది, 2012 నాటి పాత మ్యాప్‌తో పోలిస్తే దేశంలో సగం ప్రాంతం అర జోన్ వెచ్చటి వైపు జరిగింది. కాబట్టి ఎప్పుడో చూసిన నంబరు గుర్తుపెట్టుకుని కొనకండి, మళ్ళీ చూడండి. మా ఎడిసన్ చుట్టుపక్కల 7, చికాగో శివార్లు 5, 6, డాలస్, ఫ్రిస్కో వైపు 8, హ్యూస్టన్ 9.

అయితే జోన్ చెప్పేది చలి గురించి మాత్రమే. ఎండ ఎంత కాస్తుందో, వాన ఎంత పడుతుందో, మట్టి ఎలాంటిదో అది చెప్పదు. సియాటిల్‌కీ డాలస్‌కీ నంబరు దాదాపు ఒకటే, కానీ జూలైలో ఆ రెండు ఊళ్ళలో ఒకే మొక్క ఒకేలా బతుకుతుందా? అందుకే ప్యాకెట్ మీద మీ జోన్ రాసి ఉందని కొనేయడం సరిపోదు. ఆ మొక్క పుట్టిల్లు ఎక్కడో చూడండి, దానికి ఏం అలవాటో తెలుస్తుంది.

తులిప్ సంగతే తీసుకోండి. దాని పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు, అక్కడ చలికాలం గడ్డకట్టే చలి, వేసవి ఎండిపోయినట్టు పొడిగా ఉంటుంది. కాబట్టి దానికి సుమారు 12 నుంచి 16 వారాల పాటు 48 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ చలి తగలాలి, లేకపోతే కాడ సాగదు, మట్టిలోనే పువ్వు విచ్చుకున్నట్టు పొట్టిగా వస్తుంది. వేసవిలో దుంప పొడిగా ఉండాలి. న్యూజెర్సీలో చలి సరిపోతుంది కానీ వేసవి వానలు, స్ప్రింక్లర్ నీళ్ళు దానికి సరిపడవు, అందుకే మొదటి ఏడు బ్రహ్మాండంగా పూసిన తులిప్ రెండో ఏడు ఒక ఆకు మాత్రమే ఇస్తుంది. మళ్ళీ మళ్ళీ రావాలంటే డార్విన్ హైబ్రిడ్ అని రాసి ఉన్నవి తీసుకోండి, లేదా తులిపా టార్డా, తులిపా క్లూసియానా లాంటి చిన్న అడవి జాతులు. పువ్వు చిన్నదే కానీ ఏళ్ళ తరబడి ఉంటాయి.

ఉడుతకి రుచించనివి ఎక్కువ, రుచించేవి తక్కువ

నా మడిలో ఇప్పుడు నాలుగింట మూడొంతులు ఉడుత తినని దుంపలే. డాఫోడిల్ అన్నిటికంటే నమ్మకమైనది. అందులో లైకోరిన్ అనే విషపదార్థం ఉంది, దానితో పాటు సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కూడా ఉన్నాయి. పచ్చి చామదుంప, కంద కోస్తే చెయ్యి దురద పెడుతుంది కదా, ఆ దురద పెట్టేవి ఈ స్ఫటికాలే. జింకలు కూడా డాఫోడిల్‌ని ముట్టుకోవు, మా వైపు జింకల బెడద ఉడుతల కంటే తక్కువేం కాదు. అలియం అంటే మన ఉల్లి, వెల్లుల్లి కుటుంబం, ఊదా రంగు బంతుల్లా మే నెలలో పూస్తుంది, ఆ వాసనకి ఉడుత రాదు. హయసింత్, మస్కారి, స్నోడ్రాప్, సిల్లా కూడా ఉడుతలు సాధారణంగా వదిలేస్తాయి. హయసింత్ దుంప పట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, చర్మానికి దురద వస్తుంది. క్రోకస్ మీద మనసుంటే టామీ అని పిలిచే టొమ్మాసినియానస్ రకం ప్రయత్నించండి, మిగతా క్రోకస్‌ల కంటే దాని జోలికి తక్కువ వెళ్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. డాఫోడిల్ దుంప చూడటానికి అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది, గ్యారేజ్‌లో సంచిలో పెడితే ఊరి నుంచి వచ్చిన అమ్మగారో అత్తగారో ఉల్లిపాయలనుకుని తీసుకునే అవకాశం నిజంగా ఉంది. వండినా ఆ విషం పోదు. వంటింటికి, పిల్లలకి, కుక్కకి అందకుండా పెట్టండి, సంచి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి, ఇంట్లో అందరికీ చెప్పండి. ఎవరైనా పొరపాటున తింటే అమెరికా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు.

ఎప్పుడు నాటాలి

నేను మొదటి ఏడు చేసిన పెద్ద తప్పు తొందర. ఉడుతలు అన్నిటికంటే హుషారుగా పాతిపెట్టుకునే రోజుల్లో మట్టి తవ్వాను. ఇప్పుడు తులిప్‌లు నవంబరు మధ్య దాకా ఆపుతాను, థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో నాటిన ఏళ్ళు కూడా ఉన్నాయి. 6 అంగుళాల లోతులో మట్టి 55 డిగ్రీల కంటే చల్లబడాలి, నేల గడ్డకట్టకుండా ఉండాలి, ఈ రెండిటి మధ్య ఎప్పుడైనా పర్వాలేదు. డాఫోడిల్‌కి వేర్లు పట్టడానికి కాస్త సమయం కావాలి కనుక అక్టోబరులోనే నాటేయవచ్చు. అప్పటిదాకా దుంపల్ని చల్లటి, గాలి ఆడే చోట కాగితపు సంచిలో ఉంచండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. గ్యారేజ్‌లో ఎలుకలుంటే మూతకి చిల్లులు కొట్టిన డబ్బాలో పెట్టండి.

నాటే రోజు పని, వరుసగా

కావాల్సినవి: పార, గ్లవ్స్, ఇనుప రేకు కోసే కత్తెర, 1 అంగుళం కన్నాల చికెన్ వైర్, అర అంగుళం చదరపు కన్నాల హార్డ్‌వేర్ క్లాత్, నేలలో గుచ్చే యూ ఆకారపు పిన్నులు. హార్డ్‌వేర్ క్లాత్ అంటే బట్ట కాదు, గట్టి ఇనుప మెష్, షాపులో ఆ పేరుతోనే అడగాలి.

చోటు చూసుకోండి. రోజుకి 6 గంటల ఎండ కావాలి, కానీ ఆకు రాల్చే చెట్టు కింద అయినా ఫర్వాలేదు, చెట్టు చిగురించేలోపే ఇవి పూసేస్తాయి. కప్పు మీద నుంచి వాన నీళ్ళు దిగే గొట్టం దగ్గర వద్దు, నీళ్ళు నిలిచే చోట దుంప కుళ్ళుతుంది. పక్షులకి గింజలు పెట్టే ఫీడర్ మడి పక్కనే ఉంటే దూరంగా మార్చండి, కింద రాలిన పొద్దుతిరుగుడు గింజల కోసం ఉడుతలు రోజంతా అక్కడే తిరుగుతాయి.

ఒక్కో దుంపకి ఒక్కో గుంత తీయకుండా మడి మొత్తం ఒకేసారి తవ్వడం మంచిది, మెష్ వేయడం సులువవుతుంది. లోతుకి లెక్క: దుంప ఎత్తుకి మూడు రెట్లు. తులిప్‌కి 6 నుంచి 8 అంగుళాలు, డాఫోడిల్‌కి 6, క్రోకస్‌కి 3 నుంచి 4. తులిప్‌లు 8 అంగుళాలు దించితే చాలా ఉడుతలు అంత లోతుకి శ్రమపడవు, క్రోకస్‌కి ఆ సౌకర్యం లేదు, అందుకే దానికి మెష్ తప్పనిసరి. మట్టి బంక మన్నైతే కంపోస్ట్ కలపండి. ఎముకల పొడి మాత్రం వేయకండి, ప్యాకెట్ల మీద ఇప్పటికీ వేయమని రాస్తుంటారు కానీ ఆ వాసనకి కుక్కలు, స్కంక్‌లు, రకూన్‌లు వచ్చి తవ్వుతాయి.

మొన దిక్కు పైకి పెట్టి, తులిప్‌ల మధ్య 5 అంగుళాలు వదిలి పేర్చండి. ఎక్కువ తులిప్‌లు కావాలంటే మధ్యలో తులిప్‌లు, చుట్టూ డాఫోడిల్‌లు రెండు వరుసలు పెట్టండి. ఇది పూర్తి రక్షణ అని చెప్పను, పక్క నుంచి వచ్చేవాటికి కొంత అడ్డు, పూసినప్పుడు మాత్రం చాలా అందంగా ఉంటుంది.

మట్టి కప్పాక కాలితో మెల్లగా అదమండి, తర్వాత నీళ్ళు బాగా పోయండి. చాలామంది ఈ నీళ్ళు మానేస్తారు. నీళ్ళతో మట్టి కూర్చుంటుంది, తవ్విన జాడ పోతుంది, దుంపకి వేరు కూడా త్వరగా పడుతుంది. ఆ తర్వాత కింద రాలిన ప్రతి పొట్టు ముక్క, దుంపలు వచ్చిన వలసంచి, అన్నీ ఏరి చెత్తలో వేయండి. మొదటి ఏడు నేను పొట్టంతా మడి పక్కనే దులిపాను, ఇక్కడ భోజనం ఉందని బోర్డు పెట్టినట్టే అయింది.

ఇప్పుడు మెష్. ఉడుత ఒక్కటే సమస్య అయితే చికెన్ వైర్ మడి మీద పరిచి, నాలుగు వైపులా మడి దాటి ఒక జానెడు వచ్చేలా చూసి, అడుగుకొక పిన్ను గుచ్చండి. అంచులు పైకి లేచి ఉండకూడదు, ఉడుత అంచు దగ్గరే మొదలుపెడుతుంది, పిల్లల కాళ్ళకీ గీసుకుంటుంది. దాని మీద 2 అంగుళాల మందాన ఎండుటాకులో మల్చో (మట్టి మీద కప్పే చెక్కపొట్టు) వేస్తే పైకి ఏమీ కనపడదు, ఇంటి ముందు ఇనుప వల ఏంటని కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం రాసే టెన్షన్ ఉండదు. మార్చిలో మొలకలు అంగుళం పైకి రాగానే వైర్ తీసేయండి. ఆలస్యం చేస్తే వెడల్పాటి తులిప్ ఆకులు కన్నాల్లో ఇరుక్కుంటాయి, తీసేటప్పుడు మొక్కలు తెగుతాయి. నాకు ఒకసారి అలా పది మొక్కలు పోయాయి, ఇప్పుడు మార్చి మొదటి వారానికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటాను.

చిప్‌మంక్, వోల్ కూడా ఉంటే పైన మాత్రమే పరిస్తే చాలదు. హార్డ్‌వేర్ క్లాత్‌తో 10 అంగుళాల లోతు బుట్టలా మడిచి గుంతలో దించి, లోపల మట్టి వేసి, దుంపలు పెట్టి, మళ్ళీ మట్టి వేసి, పైన మూతగా చికెన్ వైర్ కట్టండి. కింద, పక్కల అర అంగుళం, పైన 1 అంగుళం, ఎందుకంటే అర అంగుళం కన్నంలోంచి తులిప్ మొలక సరిగ్గా రాదు. శ్రమే, కానీ ఒకసారి చేస్తే చాలా ఏళ్ళు ఉంటుంది.

కుండీల్లో పెట్టేవాళ్ళు కుండీ నోటికి వైర్ బిగించి కట్టి, చలికాలమంతా హీటింగ్ లేని గ్యారేజ్‌లో పెట్టండి. నేలలో ఉన్నంత వెచ్చదనం కుండీలో ఉండదు, బయట వదిలేస్తే మట్టి మొత్తం గడ్డకట్టి దుంప పాడవుతుంది.

కారం చల్లితే చాలదా?

మనవాళ్ళు అందరూ అడిగేది ఇదే, ఇంట్లో గుంటూరు కారం ఉంటుంది కాబట్టి. కారం క్షీరదాలకి మండుతుంది, పక్షులకి మండదు, అందుకే పక్షుల గింజల్లో కలిపి కూడా అమ్ముతారు. ఉడుత కొంత వెనకాడుతుంది, నిజమే. కానీ ఒక్క వాన పడితే పోతుంది, మళ్ళీ చల్లాలి, నవంబరు నుంచి మార్చి దాకా ఎన్నిసార్లు చల్లుతారు? పైగా ఆ ప్రాణి కాళ్ళకి అంటుకున్నది కళ్ళకి రుద్దుకుంటుంది, నాకు అది మనసొప్పలేదు. కలరా ఉండలు మాత్రం అస్సలు వద్దు, అవి మట్టికీ నీటికీ పిల్లలకీ హాని, తోటలో వాడటం చట్టప్రకారం కూడా తప్పు. ఉడుతని పట్టి వేరే చోట వదలడం కూడా చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం, మీరు ఒకటి తీసేస్తే ఇంకోటి వచ్చి ఆ చోటు తీసుకుంటుంది.

టెక్సస్ వాళ్ళకి

డాలస్‌లో, హ్యూస్టన్‌లో తులిప్ పెట్టాలంటే చలి మీరే ఇవ్వాలి. దుంపలు కొని ఫ్రిజ్‌లో కనీసం 10 వారాలు పెట్టి, డిసెంబరు చివర నుంచి జనవరిలో నాటాలి. అదే ఫ్రిజ్‌లో యాపిల్స్ పెట్టకండి, పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దుంప లోపలి పూమొగ్గని చంపేస్తుంది. అలా చేసినా అవి ఒక్క ఏటికే, డాలస్ అర్బొరీటమ్‌లో వసంతంలో చూసే పూలు కూడా ప్రతి ఏడూ కొత్తగా నాటేవే. అంత కష్టం దేనికి అనిపిస్తే మీ ఎండని ఇష్టపడేవి పెట్టుకోండి: రెడ్ స్పైడర్ లిల్లీ, ఆక్స్‌బ్లడ్ లిల్లీ, రెయిన్ లిల్లీ, క్రైనమ్, గుత్తులుగా పూసే టాజెట్టా డాఫోడిల్‌లు. స్పైడర్ లిల్లీలోనూ లైకోరిన్ ఉంది, తినే జంతువు తక్కువ. పైన చెప్పిన తులిపా క్లూసియానా మీ దగ్గర ఫ్రిజ్ లేకుండా తిరిగి పూసే కొద్ది తులిప్‌లలో ఒకటి.

నేల సంపెంగ

లిల్లీ పూలు అని దండల్లో కట్టే ఈ పువ్వు కోసమే కొందరు దుంపలు మొదలుపెడతారు, నేనూ అంతే, సాయంత్రం ఆ వాసన వస్తే ఇల్లు గుర్తొస్తుంది. దీని పుట్టిల్లు మెక్సికో, వేడి కావాలి, మంచుకి తట్టుకోదు. టెక్సస్‌లో నేలలోనే ఉంచేయవచ్చు. న్యూజెర్సీలో ఏప్రిల్‌లో కుండీలో ఇంట్లో మొదలుపెట్టి, మే సగం అయ్యాక బయట పెడితే ఆగస్టు, సెప్టెంబరులో పూస్తుంది. అక్టోబరులో ఆకులు పసుపెక్కాక తవ్వి, ఆరబెట్టి, పొడి పీట్‌లో (నర్సరీల్లో దొరికే నాచు పొడి) కప్పి బేస్‌మెంట్‌లో దాచాలి. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు, పక్కన వచ్చిన పిల్ల దుంపలు ఒకటి రెండేళ్ళలో పూస్తాయి, కాబట్టి తల్లి దుంపని చూసి నిరాశపడకండి. మే నెలలో కొత్త మట్టి తవ్వుతారు కదా, అప్పుడు కూడా మొలక వచ్చేదాకా మెష్ వేయండి.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్ళు తులిప్ కోసం ఖర్చు పెట్టకండి. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండ కింద అంత పెద్ద తులిప్ తోట పెరిగిందంటే అక్కడి చలి వల్లే. మీకు నేల సంపెంగ, రెయిన్ లిల్లీ, మెట్ట తామర, ఎండాకాలం చివర ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ హాయిగా వస్తాయి. అక్కడ దుంపలు తవ్వేది ఎక్కువగా పందికొక్కులు, కాబట్టి కింద కూడా మెష్ ఉన్న బుట్ట పద్ధతే చేయండి. అమెరికా నుంచి సూట్‌కేసులో దుంపలు తీసుకెళ్ళాలని చూడకండి, భారత ప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు.

పూసిన తర్వాత

పువ్వు వాడగానే కాడ తుంచేయండి, విత్తనం పట్టకుండా. ఆకుల్ని మాత్రం ముట్టుకోకండి, పసుపెక్కి వాటంతట అవి పడిపోయే దాకా, అంటే సుమారు 6 వారాలు అలాగే ఉంచాలి, వచ్చే ఏటి పువ్వుకి తిండి ఆ ఆకులే చేస్తాయి. చూడటానికి బాగోలేదని లాన్‌మూవర్ నడిపితే వచ్చే ఏడాది ఆకులే వస్తాయి. ముందు వరుసలో బంతి మొక్కలు పెడితే ఎండే ఆకులు కనపడవు. ఏప్రిల్‌లో మడి నిండుగా పూసి ఉన్నప్పుడు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. అక్టోబరు వచ్చేసరికి ఏ దుంప ఎక్కడుందో గుర్తుండదు, ఆ ఫొటో చూసి ఖాళీలు వెతికి, ఉన్నవాటికి పార తగలకుండా కొత్తవి నాటుకోవచ్చు.